విత్తనమును కాపాడుట



కరువు ఎంతటిదైనను విత్తనపు గింజలు తినరాదని మన పెద్దలు కట్టడి చేసికొనిరి. బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలలోను గాదెలలోను వాటిని దాచిరి. ఆ కట్టడికి ప్రాణములొడ్డి నిలిచినవారిని గూర్చి ఈ పూట కొన్ని మాటలు చెప్పుకొందము.

రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ అనేక దేశములు తిరిగి పంట విత్తనములను సేకరించి లెనిన్‌గ్రాడ్‌లో భద్రపరచెను. 1940లో ప్రభుత్వము ఆయనను బంధించెను. 1943లో ఆయన చెరసాలలోనే మరణించెను. ఇంతలో 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు జర్మను సైన్యము ఆ నగరమును ముట్టడించెను. లక్షలాది జనులు ఆకలితో చనిపోయిరి. వావిలోవ్ తోడిపనివారు ధాన్యపు సంచుల నడుమ కాపలా ఉండియు వాటిని ముట్టలేదు. వరి విత్తనములు చూచుకొను ద్మిత్రి ఇవానోవ్, వేరుశెనగలు చూచుకొను అలెగ్జాండర్ షూకిన్ ఆకలితోనే కన్నుమూసిరి.

ఎందుకింత త్యాగము? ఒక రకము వానలేమికి ఓర్చును, మరియొకటి తెగులుకు లొంగదు. ఆ రకము నశించినయెడల దాని గుణమును మరల సంపాదించుట మిక్కిలి కష్టము.

నేడు ఈ పని మన దాపుననే జరుగుచున్నది. 1972లో స్థాపితమైన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శెనగ, కంది, వేరుశెనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షకు పైగా ఉన్నవి. గింజలను బాగుగా ఆరబెట్టి, గాలి చొరకుండ మూసి, గడ్డకట్టు చలిలో ఉంచెదరు. అప్పుడప్పుడు మొలకెత్తించి చూచి, శక్తి తగ్గినచో పొలములో విత్తి క్రొత్త విత్తనము తీసెదరు. వాటిలో అనేకము మారు నిల్వగా నార్వేలోని స్వాల్‌బార్డ్‌కు కూడ చేరినవి. అక్కడ కొండను తొలిచి కట్టిన కొట్టు 2008లో తెరువబడినది. సిరియా యుద్ధమువలన అలెప్పో దగ్గరి విత్తన నిలయము అందుబాటులో లేకపోగా, దాని శాస్త్రజ్ఞులు తాము దాచుకొన్న విత్తనమును 2015లో స్వాల్‌బార్డ్ నుండి తిరిగి తీసికొని లెబనాను, మొరాకో దేశములలో విత్తిరి.

అయితే చలికొట్టు ఒక్కటే చాలదు. మామిడి, పనస, కొబ్బరి విత్తనములు ఆరబెట్టినచో చచ్చును. వాటిని తోటలలోనే బ్రతికించవలెను. మరియు చలిలో నిద్రించు గింజ మారుచున్న వానలను ఎరుగదు. ఏటేట పొలములో పడు గింజ కాలముతోపాటు మారును. జహీరాబాదు ప్రాంతమున పేద స్త్రీలు సంఘములుగా కూడి పాత రకములను బుట్టలలో దాచి, పొరుగువారికి కొలిచి ఇచ్చి, పంట వచ్చిన పిదప మరికొంత కలిపి తిరిగి కొలిపించుకొనుచున్నారు.

కావున మనలో సేద్యము గలవారము ప్రతి యేట ఒక్క సాలైనను పాత రకము విత్తుదము. మంచి కంకులు ఏరి దాచుదము. ఒక గుప్పెడు పొరుగువానికిత్తము. మన కుండ పగిలిననాడు అతని కుండలో అది మిగిలియుండును.