స్వస్థత ప్రార్థనయు పండ్రెండు మెట్లును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు విపులముగా తీర్మానములు గావించుచున్నాము. మద్యపానమును గూర్చి మాత్రము మానవలెనని యొక్క వాక్యము వ్రాసి ముగించుచున్నాము. ఏలూరు పేటలయందును, తాడేపల్లిగూడెమునందును, కొల్లేటి లంకలయందును త్రాగుబోతు భర్తతో కాపురము చేయు నిల్లాలికి ఆ వాక్యమువలన కలిగిన యుపకారమేమి? కావున నేడు మానుట యెట్లను విషయమునే మనవి చేయుచున్నాను.

శాసనముచే నగునందురా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై పోరాడిరి. 1993లో సారాయి నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లోనే సడలింపబడెను. 2019లో ప్రకటింపబడిన కేంద్రప్రభుత్వ పరిశీలన ననుసరించి, దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లు. వ్యసనమునకు దాసులైన 38 మందిలో నొక్కరికి మాత్రమే చికిత్స లభించుచున్నది. తక్కిన 37గురి యిండ్లవారు ఎవరి నాశ్రయింతురు? మన ప్రాంతమున పెక్కురు స్వస్థత ప్రార్థనకే వచ్చుచున్నారు.

నేను ప్రార్థనను తక్కువ చేయుటకు రాలేదు. యాకోబు పత్రిక యైదవ యధ్యాయమున రోగి సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెననియు, వారు నూనె రాచి ప్రార్థింపవలెననియు నున్నది. ఇంతవరకు మన మందరము చదువుచున్నాము. ఆ వెంటనే యొకరితో నొకరు తమ పాపముల నొప్పుకొని, యొకరికొరకొకరు ప్రార్థింపవలెననియు నున్నది. దానిని తఱచుగా విడిచిపెట్టుచున్నాము. పండ్రెండు మెట్ల పద్ధతి యచ్చటనే యారంభమగుచున్నది.

ఆ పద్ధతి పుట్టిన విధము వినుడు. అమెరికా దేశస్థుడగు బిల్ విల్సన్ 1934 డిసెంబరులో న్యూయార్కున నొక యాసుపత్రిలో వైద్యుని చికిత్సయందుండగా దేవునికి మొఱ్ఱపెట్టి యూఱట నొందెను. అయినను 1935 మే మాసమున ఆక్రన్ పట్టణమున నొంటరిగా నుండగా మరల త్రాగవలెనను కోరిక పుట్టెను. అపుడతడు మద్యశాలకు బోక, మతగురువునకు టెలిఫోను చేసి, తనవంటి బాధితు నొకనిని వెదకెను. అట్లు దొరికినవాడు డాక్టర్ రాబర్టు స్మిత్. ఇరువురును ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అను క్రైస్తవ సహవాసముతో సంబంధము గలవారే. స్మిత్ కొన్నివారములు మాని, మరల త్రాగి, 1935 జూన్ 10న కడపటిసారి త్రాగెను. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్ తన జన్మదినముగా నెంచుకొనుచున్నది. 1939లో పండ్రెండు మెట్లు గ్రంథరూపమున వెలువడెను. 1957 నుండి భారతదేశమునను ఆ సహవాసము గలదు.

ఈ మెట్ల సారము సులభము: తన వలన కాదని యొప్పుకొనుట, దేవునికి తన్ను నప్పగించుకొనుట, తన దోషములను వ్రాసికొని యొకనియెదుట చెప్పుట, తాను చెఱచినవారికి నష్టము దీర్చుట, ఇతర బాధితులకు తోడ్పడుట. స్వస్థత పొందితినని సాక్ష్యమిచ్చినంతమాత్రమున తాకట్టునందున్న భార్య నగలు ఇంటికి రావు. వానిని విడిపించుటయు నొక మెట్టే.

ఇక మన యాచరణకు నాలుగు మాటలు.

మొదటిది వైద్యము. ఏండ్లతరబడి విశేషముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛలు, రెండు మూడు దినములలో మతిభ్రమణము కలుగవచ్చును, ప్రాణాపాయమును గలదు. దానిని దయ్యమనుకొని ఉపవాసకూటమున నుంచరాదు. అట్టివాని దేహమున బి-1 విటమిను తఱచుగా కొఱవడియుండును. ఉపవాసముచే నది మరింత క్షీణించి మెదడు చెడవచ్చును. ముందు వైద్యుని చూపి, ఆయన మంచముచెంతనే ప్రార్థింపుడు. 14446 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్య ఉచితముగా సలహా నిచ్చును.

రెండవది పడినవానియెడల మన నడవడి. సాక్ష్యమిచ్చినవాడు మరల త్రాగగానే విశ్వాసము లేనివాడని వెలివేయుచున్నాము. స్మిత్‌ను ఆనాడు విల్సన్ అట్లే విడిచియుండినచో ఈ సహవాసమే యుండెడిది కాదు.

మూడవది గోప్యత. కులసభలో నొకరి నొకరెఱుగనివారు లేరు. కావున లంకలవాడు ఏలూరునకును, ఏలూరివాడు రైలెక్కి తాడేపల్లిగూడెమునకును పోయి కూటమున గూర్చుండుట మేలు. అచ్చట విన్నమాట పెండ్లిసంబంధముల వేళ బయటికి రాగూడదు. ఛాయాపటములు వలదు, వేదికపై సన్మానములును వలదు. బాధితుల భార్యలకు వేఱుగా కూటముండవలెను.

నాలుగవది పోషకులకు విన్నపము. ఆల్కహాలిక్స్ అనానిమస్ బయటివారి విరాళముల నంగీకరింపదు; ఏ మతసంఘమునకును చేరినది గాదు. మనలో బాప్తిస్మము పొందినవారును, పొందనివారును గలరు. దేవుని తాను గ్రహించిన రీతిని ఆశ్రయింపవచ్చునని మెట్లు చెప్పుచున్నవి గనుక ఉభయులును కూర్చుండవచ్చును. స్వస్థత ప్రార్థన దేవాలయమున వేఱొక వేళ జరుగుగాక! మీరు సంఘభవనమున వారమున కొక సాయంకాలము ఒక గది నిచ్చి, వారు కూడబెట్టిన నాణెములనుండి స్వల్పమైన యద్దె పుచ్చుకొనుడు. తమ గదికి తామే అద్దె చెల్లించుట వారికి గౌరవము.

ఈ సంవత్సరపు తీర్మానమున మానవలెనను వాక్యమునకు బదులు, ఆ గది యేదియో, ఆ సాయంకాల మేదియో వ్రాయవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.