ఎంత తిన్నా ఒళ్ళు పట్టని తమ్ముళ్ళ కోసం: కండ పెంచే మొదటి ఆరు నెలలు

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్లలో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ కనపడింది. “అన్నా, ఎంత తిన్నా ఒళ్ళు పట్టడంలేదు, ఏ పౌడర్ వాడాలి?” ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే. నేను డాక్టర్ని కాదు. మైపాడు దగ్గర పల్లెలో పుట్టి, పదేళ్ళుగా ఎక్సర్‌సైజ్ చేస్తూ, ఇప్పుడు మా ఊరి పిల్లలకి నేర్పిస్తున్నవాణ్ణి. అయితే ఈ ప్రశ్న ఒకప్పుడు నాది కూడా. అందుకే ముందు నేను చేసిన తప్పు చెప్తా.

పంతొమ్మిదేళ్ళప్పుడు నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. ఫ్రెండ్సంతా నన్ను పుల్లా అనేవాళ్ళు. మైపాడు బీచ్‌కి పోతే అందరూ చొక్కాలు తీసి నీళ్ళలో దూకేవాళ్ళు, నేను మాత్రం చొక్కాతోనే తడిసేవాణ్ణి. మీలో ఎంతమంది ఇట్లా చేస్తున్నారో నాకు తెలుసు.

అప్పుడు నెల్లూరులో ఒక జిమ్‌లో చేరా. మొదటి వారంలోనే అక్కడి అన్న “నువ్వు మాస్ గెయినర్ వాడాల్సిందే” అన్నాడు. డబ్బా 2,800 రూపాయలు. మా అమ్మ రొయ్యలు వలిచే పనికి పోయేది. ఎన్ని కిలోలు వలిస్తే అంత కూలి. చీటీ డబ్బుల్లోంచి తీసి ఇచ్చింది. డబ్బా చూసి “దీంట్లో ఏముండాది నాయనా, పాలపొడా?” అనింది. నాకు జవాబు తెలీదు. డబ్బా వెనకాల రాసింది నేను చదవనేలేదు.

చదివింది డబ్బా అయిపోయాక. సగం పైన మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండిపదార్థం నుంచి తీసిన, చక్కెరలాగా పనిచేసే పొడి. ప్రోటీన్ కొంచెమే. మూడు కిలోలు పెరిగా, నిజమే, కానీ అంతా పొట్ట దగ్గరే. ఆపిన నెలకి రెండు కిలోలు తగ్గిపోయా. ఆ రోజుల్లో గుడ్డు ఐదు రూపాయలు. ఆ 2,800కి 560 గుడ్లు వచ్చేవి. రోజుకి నాలుగు చొప్పున 140 రోజులు. ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, అసలు విషయానికి వద్దాం. “ఎంత తిన్నా” అంటున్నాం గదా, ఎంత తింటున్నాం? మా అమ్మ రోజూ ఎన్ని కిలోలు వలిచిందో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. రాసుకోకపోతే వారం చివర కూలిలో తేడా వస్తుందని. అది చూసే నేను కూడా ఒక పుస్తకం పెట్టా. మూడు రోజులు నోట్లో పడిన ప్రతిదీ రాశా.

పొద్దున టిఫిన్ లేదు, టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, పులుసు, ఒక చేప ముక్క. సాయంత్రం టీ. రాత్రి మళ్ళీ అన్నం, కొంచెం సాంబారు. చూడ్డానికి కంచం కొండలాగా ఉండేది. కానీ లెక్కేస్తే రోజుకి 1,800 కేలరీలు, ప్రోటీన్ 45 గ్రాములు దాటలేదు. నేను ఎక్కువ తింటున్నాననుకున్నది రెండు పూటల అన్నం చూసి. మిగతా రోజంతా కడుపు ఖాళీ.

ఇప్పుడు మీకు కావాల్సిన లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటుంది. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్ళకి దాదాపు 1.6 గ్రాములు కావాలి. 50 కిలోల తమ్ముడికి రోజుకి 80 గ్రాములన్నమాట. కేలరీలు ఇప్పుడు తినేదానిమీద 300 నుంచి 400 పెంచండి. రెండు వారాలకి బరువు కదలకపోతే ఇంకో 200. నెలకి ఒక కిలో పెరిగితే చాలు. మూడు నాలుగు కిలోలు పెరుగుతుంటే అందులో ఎక్కువ కొవ్వే.

80 గ్రాములు యాడ నుంచి వస్తాయన్నా అంటారా? మన వంటింట్లోంచే. నేను తిన్నది చెప్తా, వినండి.

పొద్దున మూడు దోసెలు, వేరుశెనగ పచ్చడి, రెండు ఉడికించిన గుడ్లు. ఇది 22 గ్రాములు. పదకొండింటికి నానబెట్టి ఉడికించిన శెనగలు, ఎండువి కొలిస్తే 50 గ్రాములు, రెండు అరటిపళ్ళు. శెనగల్లో 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, పెరుగు కలిపి 23. సాయంత్రం గ్లాసు పాలు, గుప్పెడు వేరుశెనగలు, 15. రాత్రి అన్నం, కూర, ఇంకో రెండు గుడ్లు, 20. మొత్తం 90 గ్రాములు. ఇందులో చేప లేదు, చికెన్ లేదు, పౌడర్ లేదు. గుడ్డు కూడా తినని వాళ్ళు ఆ జాగాలో పనీర్, మీల్‌మేకర్, పెసలు, ఇంకో గ్లాసు పాలు పెట్టుకోండి. కొంచెం కష్టపడాలి, కానీ కుదురుతుంది.

పచ్చి గుడ్లు పగలగొట్టి తాగే అలవాటుంటే మానేయండి. ఉడికించిన గుడ్డులో ప్రోటీన్‌ని ఒళ్ళు బాగా తీసుకుంటుంది, పచ్చిదాంట్లో చాలా భాగం వృథా అవుతుంది. సినిమాలో హీరో తాగాడని మనం తాగక్కర్లేదు.

ఇంక మన సముద్రం సంగతి. నెల్లూరు చేపల పులుసు అంటే ప్రాణం పెట్టేవాళ్ళమే అందరం. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. పులుసుతో అన్నం ఎంత తిన్నా ప్రోటీన్ ముక్కలోనే ఉంటుంది. వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు. వంజరమే కావాలని లేదు, చవగ్గా దొరికే కానాగంతలు, నెత్తళ్ళు దానికేం తీసిపోవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. అప్పుడు చేప రేటు పెరుగుతుంది. ఆ రెండు నెలలు చెరువు రొయ్యలు చూడండి. వంద కౌంట్ రొయ్య, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య, రేటు పడినప్పుడు మన ఊళ్ళలో చవగ్గానే వస్తుంది. తలా పొట్టూ తీసేస్తే కిలోకి అరకిలో కాస్త పైన మిగులుతుంది. అందులోనూ వందకి 20 గ్రాముల లెక్కే. ఎండుచేపల్లో ప్రోటీన్ బాగానే ఉంది, ఉప్పు కూడా బాగానే ఉంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

ఇక్కడ ఒక విషయం ఎవరూ చెప్పరు, నేను చెప్తా. నేను కండ పెంచాలని మొదలుపెట్టినప్పుడు రోజూ రెండు ముక్కలు అడిగి వేయించుకునేవాణ్ణి. ఒకరోజు నీళ్ళకని లేచి వంటింట్లోకి పోతే, అమ్మ ఉత్త పులుసుతో తింటా ఉంది. ముక్క లేదు. నేను పెంచుతున్న కండ ఎవరి కంచంలోంచి వస్తుందో అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నాకు ఎక్కువ కావాల్సింది శెనగలు, వేరుశెనగలు, గుడ్ల రూపంలో నేనే తెచ్చుకున్నా. ఆదివారం పూట రొయ్యల చెరువు దగ్గర పనికి పోయి ఆ డబ్బులతో కొన్నా. అమ్మకి కూడా రోజుకొక గుడ్డు పెట్టా. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి నాకంటే ముందు ప్రోటీన్ కావాలి గదా. మీ ఇంట్లో కూడా ఒకసారి చూడండి.

ఇప్పుడు ఎక్సర్‌సైజ్. తిండి ఒక్కటే పెంచితే పొట్ట పెరుగుతుంది. కండరానికి పని చెప్తేనే ఆ తిండి అక్కడికి పోతుంది. నేను చేసిన రెండో తప్పు, రోజూ రెండు గంటలు చేతులే చేయడం. అద్దంలో కనపడేది చేతులే గదా. బక్కగా ఉన్న బిగినర్‌కి వారానికి మూడు రోజులు, ఒళ్ళంతా, ముప్పావుగంట చాలు. సోమ, బుధ, శుక్ర. మధ్యలో రోజులు రెస్ట్.

ఐదు కదలికలు నేర్చుకోండి. ఒకటి, కూర్చుని లేవడం, స్క్వాట్. మన పెద్దోళ్ళు బస్కీలు అంటారే, అదే. రెండు, తోయడం, పుషప్స్. మూడు, లాగడం, రోయింగ్. నాలుగు, తల పైకి ఎత్తడం. ఐదు, నడుము నిటారుగా ఉంచి నేల మీద నుంచి బరువు లేపడం, డెడ్‌లిఫ్ట్. ఒడ్డుకి పెద్ద వల లాగే మామల వీపు ఎప్పుడైనా చూశారా? ఏ జిమ్‌కీ పోలేదు వాళ్ళు. రోజూ లాగుతారు, అంతే. మనకి సముద్రమే నేర్పిస్తా ఉంది.

జిమ్‌కి డబ్బుల్లేవా? పాత కాలేజీ బ్యాగు తీసుకోండి. రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ అంటే రెండు కిలోలు. ఐదు బాటిళ్ళు పెడితే పది కిలోల బరువు మీ చేతిలో ఉన్నట్టే. దాన్ని వీపుకి తగిలించుకుని స్క్వాట్, ముందుకి వంగి పొట్ట దాకా లాగితే రోయింగ్, రెండు చేతుల్తో తల పైకి ఎత్తితే షోల్డర్స్.

ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కి ఎనిమిది సార్లతో మొదలుపెట్టండి. సెట్ అయ్యాక “ఇంకా ఒకటో రెండో చేయగలను” అనిపించే దగ్గర ఆపండి. రెండు నిమిషాలు రెస్ట్. మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చిన రోజు, తర్వాతిసారికి ఒక బాటిల్ పెంచి మళ్ళీ ఎనిమిదికి రండి. రోజూ అదే బరువు ఎత్తితే ఒళ్ళు దానికి అలవాటుపడి ఆగిపోతుంది. అందుకే ఇది కూడా పుస్తకంలో రాయాలి. అమ్మ పుస్తకంలో కిలోలు, నా పుస్తకంలో కిలోలు.

మొదటి నెలా రెండు నెలలు బలం పెరుగుతుంది, ఒళ్ళు మాత్రం అట్లాగే కనపడుతుంది. భయపడొద్దు. ముందు నరాలు ఆ పని నేర్చుకుంటాయి, కండ తర్వాత కనపడుతుంది. చాలామంది మానేసేది సరిగ్గా ఆ రెండో నెలలోనే. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసేవాళ్ళకి ఒక్క మాట. కండ కట్టుకునేది రెస్ట్‌లో. ఏడు, ఎనిమిది గంటల నిద్ర లేకుండా గుడ్లు ఎన్ని తిన్నా సగం ఫలితమే.

ఇప్పుడు సీరియస్ విషయం. స్కిప్ చేయొద్దు. మన టౌన్లలో కొందరు “బలం మాత్రలు” అని చేతిలో పెడతారు. అందులో తరచుగా ఉండేవి రెండు. ఒకటి ఆకలి పుట్టించే సైప్రోహెప్టడిన్, ఇంకోటి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. రెండోదాంతో మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. అది నీరు, కొవ్వు. కండ కాదు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఇప్పటికే చాలా రోజుల నుంచి వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, అది కూడా ప్రమాదమే. డాక్టర్ దగ్గరికి పోయి నిజం చెప్పండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు.

ఇంజెక్షన్లు. నాతోపాటు చేరిన ఫ్రెండ్ ఒకడు తీసుకున్నాడు. నాలుగు నెలల్లో అందరూ వాడి చేతులే చూసేవాళ్ళు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించినప్పుడు ఒళ్ళు తన సొంతది తయారుచేయడం ఆపేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఆపాక తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. పెళ్ళయ్యాక వాడు హాస్పిటల్ చుట్టూ తిరిగిన సంగతి నాకు తెలుసు. వాడి అనుమతితోనే చెప్తున్నా, పేరు చెప్పను. ఇంక ఒకే సూది ఇద్దరు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ భయం వేరే.

మరి వే ప్రోటీన్? అది పాల నుంచి తీసిన పొడి. విషమూ కాదు, మంత్రమూ కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ కోసం ప్రోటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. నా అభిప్రాయం, తిండితో 80 గ్రాములు వస్తుంటే మీకు దాని అవసరమే లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్ని తప్పకుండా అడగాలి. కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా, దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నా ముందు పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్, టీబీ, షుగర్ లాంటివి ఉంటే ఏ డైట్ పనిచేయదు.

చివరగా ఒకటి. నెల్లూరు నుంచి విజయవాడ రైల్లో పోతుంటే చీరాల దాటాక స్టువర్టుపురం వస్తుంది. సినిమాలు ఆ ఊరిని వేరేగా చూపించాయి. కానీ ఆ ఊరి రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్‌వెల్త్ గేమ్స్‌లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి గోల్డ్ తెచ్చాడు. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారత మహిళ అయ్యారు. వాళ్ళకైనా ఆ అంకె మొదటి రోజు రాలేదు. మనకి మెడల్ అక్కర్లేదు, కానీ దారి అదే. ఈ వారం కంటే వచ్చే వారం ఒక బాటిల్ ఎక్కువ.

నేను ఆరు నెలలకి 57 కిలోలయ్యా. ఏడాదిన్నరకి 62. ఇప్పుడు 68. పోయిన సంక్రాంతికి మైపాడులో చొక్కా తీసి నీళ్ళలో దిగా. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోతే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఈరోజు మీ పని ఒక్కటే. పది రూపాయల నోటుపుస్తకం కొని మూడు రోజులు తిన్నది రాయండి. రాసింది కింద కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో అందులోంచి ఐదుగురి కంచాలు తీసుకుని ఏం మార్చాలో మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.