మిరపకోతలప్పుడే పరీక్షలు

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, కోసిగి, పెద్దకడబూరు వైపు, వాన మొహం చాటేసిన ఏడాది వీధులకు వీధులే తాళాలు పడతాయి. గుంటూరు మిరపచేలకు కుటుంబాలు బండ్లెక్కుతాయి. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? వాళ్లూ ఎక్కుతారు.

మిరపకోతలు జోరుగా సాగేది జనవరి నుంచి మార్చి దాకా. బడిలో పాఠాలు ముగిసి పరీక్షల హడావుడి మొదలయ్యేదీ అప్పుడే. తిరిగొచ్చిన పిల్లవాడికి భిన్నాల లెక్క తలకెక్కదు. ఆ పాఠం చెప్పిన రోజు వాడు చేనుగట్టు మీద చెల్లెల్ని ఆడిస్తున్నాడు మరి. మనమేమో వాణ్ణి మొద్దు అనేస్తాం. అలా అనడం సులువు కదా!

అవ్వ దగ్గర ఊళ్లోనే ఉండిపోయిన ఆడపిల్ల సంగతీ అంతే. నీళ్లు మోసి, పొయ్యి వెలిగించి, మొదటి పీరియడ్ అయ్యాక బడికి చేరుతుంది. 2001లో సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనం పెట్టమన్నాక మధ్యాహ్నం ఆకలికి దారి దొరికింది. పొద్దుటి ఆకలి వేరు. మొదటి రెండు పాఠాలూ దాని పాలే.

వలస వెళ్లేవారి పిల్లలకోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. తిండీ, పడకా అక్కడే, చదువు సొంత ఊళ్లోనే. కాకపోతే బండి కదలకముందే వాటి తలుపులు తెరుచుకోవాలి. వారం ఆలస్యమైనా పిల్లలు అప్పటికే చేలో ఉంటారు.