ఊరికి వచ్చు అతిథి, ఊరికి చేరు ఆదాయము

(బాల్కొండలో పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారశాఖాధికారి చేసిన ఉపన్యాస పాఠము)



విదేశయాత్రికులను గూర్చియు, విదేశనగరములతో మైత్రిని గూర్చియు బాల్కొండలో ఉపన్యసించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. కాని విదేశధనమనగా నేమో మీకు నేను చెప్పవలసిన పని లేదు. గల్ఫు దేశములకు పనికి పోయిన బిడ్డ లేని గ్రామము ఈ ప్రాంతమున అరుదు. దుబాయి నుండి, మస్కటు నుండి వచ్చిన సొమ్ముతో ఇచట ఇండ్లు లేచినవి; పెండ్లిండ్లు జరిగినవి. ఆ సొమ్మునకు మనము చెల్లించిన మూల్యమును కూడ మీరెరుగుదురు. తండ్రి ముఖము సరిగా నెరుగక పెరిగిన పిల్లలు, కొడుకు కొరకు ఎదురుచూచు ముసలివారు మన ఇండ్లలోనే ఉన్నారు. విదేశధనమునకై మన బిడ్డ పోవుట ఒక మార్గము. ఆ ధనము గలవారే మన ఊరికి వచ్చుట రెండవ మార్గము. నేడు ఆ రెండవ మార్గమును గూర్చి మనవి చేసెదను.

పర్యాటకము ఒక విచిత్రమైన ఎగుమతి. పసుపు బస్తా అమ్ముడుపోయిన పిదప ఊరు దాటిపోవును. కోట, గుడి, చెరువు, వంట అనునవి ఊరిలోనే ఉండును. కొనువాడే వచ్చి, చూచి, సొమ్ము చెల్లించి పోవును. 1950లో దేశాంతరములకు పోయిన యాత్రికులు ప్రపంచమంతటను సుమారు రెండున్నర కోట్లు. 2024లో ఆ సంఖ్య సుమారు 140 కోట్లు. మన దేశమునకు 2019లో సుమారు 1 కోటి 9 లక్షల మంది విదేశీయులు వచ్చిరి. వారి వలన లభించిన విదేశమారక ద్రవ్యము 2 లక్షల 11 వేల కోట్ల రూపాయలకు పైబడినది.

ఈ లెక్కలతో మాకేమి పని యందురా? ఆర్మూరు చెంతనున్న అంకాపూరును చూడుడు. విత్తనముల సాగునకు పేరుపొందిన ఆ గ్రామమునకు నాటుకోడి కూర కొరకు దూరప్రాంతముల వారు వచ్చుచున్నారు. కోడిని పెంచినవారికి, మసాలా నూరినవారికి, వండినవారికి, బియ్యము అమ్మినవారికి ఆ సొమ్ములో పాలు కలదు. ఊరిలో ఖర్చయిన రూపాయి ఊరిలోనే నాలుగు చేతులు మారినప్పుడే అది ఆదాయమగును. బస్సు పట్టణమువారిది, భోజనము పట్టణమువారిది, దారి చూపువాడును పట్టణమువాడే అయినచో ఊరికి మిగులునది దుమ్మును, చెత్తయును మాత్రమే.

భూదాన్ పోచంపల్లి సంగతి మీరు వినియే ఉందురు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే భూదానోద్యమమునకు అచట అంకురార్పణ జరిగినది. ఆ ఊరి చేనేత పనితనమును, పల్లె జీవనమును గమనించి, ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొన్నది. ఆ ఊరు క్రొత్తగా ఏ వింతనో కట్టలేదు. తన పనిని తాను విడువలేదు. అదియే దాని గొప్ప.

ఇక సోదరనగర సంబంధము. జంటనగరములనగా మనకు హైదరాబాదు, సికింద్రాబాదు స్మృతికి వచ్చును, ఇది వేరు. దూరదేశములందలి రెండు పట్టణములు పరస్పరము చుట్టరికము కలుపుకొనుట ఇందలి భావము. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు గురియైన ఇంగ్లండులోని కోవెంట్రీ నగరము, యుద్ధము ముగియక మునుపే 1944లో రష్యాలోని స్టాలిన్‌గ్రాడుతో ఇట్టి స్నేహము చేసికొన్నది. అమెరికాలో 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఈ ఉద్యమమునకు ఊతమిచ్చెను. మన హైదరాబాదునకు కూడ అమెరికాలోని రివర్‌సైడు, ఇండియానాపొలిసు నగరములతో ఇట్టి బంధుత్వము కలదు. ఒప్పందము వ్రాసికొన్నంతమాత్రమున యాత్రికులు రారు. విద్యార్థులు, వైద్యులు, వర్తకులు, కళాకారులు రాకపోకలు సాగించినప్పుడే పరిచయము పెరుగును. పరిచయము వెంట యాత్రికుడు, వాని వెంట వ్యాపారము వచ్చును.

ఇది మనకు క్రొత్తయును కాదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున నాగార్జునకొండలో సింహళ విహారముండెననియు, బోధిశ్రీ అను ఉపాసిక దానములు చేసెననియు అచటి శాసనము తెల్పుచున్నది. నేడు నాగార్జునసాగరు చెంత, 2022లో ప్రారంభమైన బుద్ధవనమున, శ్రీలంక కానుకగా ఇచ్చిన అవుకన బుద్ధుని ప్రతిరూపము నిలిచియున్నది. పదునేడు వందల యేండ్ల నాటి చుట్టరికము మరల పలుకరించినది!

బాల్కొండ మాటకు వచ్చెదను. కొన్నేండ్ల క్రిందట ఇద్దరు విదేశీయ దంపతులతో నేను నిర్మలు పోవుచు ఇచట ఆగితిని. కోటను చూచి, దీని నెవరు కట్టిరని వారడిగిరి. ప్రచారశాఖలో పనిచేయు నేను జవాబు చెప్పలేకపోతిని. గుమిగూడిన పిల్లలు మూడు విధములుగా చెప్పిరి. ఆమె మెల్లగా మరుగుదొడ్డి ఎచటనని అడిగెను. దానికిని నాయొద్ద జవాబు లేదు. చివరకొక రైతు ఇంటికి తీసికొనిపోతిమి. ఆ ఇంటి ఇల్లాలు చాయ ఇచ్చి, ఉడికించి ఆరబోసిన పసుపు కొమ్ములను చూపి, ఒకదానిని విరిచి లోపలి రంగు చూపించెను. డబ్బు ఇవ్వబోగా తీసికొనలేదు. తరువాత వారు నాకు వ్రాసిన ఉత్తరములో కోట ప్రసక్తి లేదు. ఆ వాకిలియే ఉన్నది.

ఆనాటి నా సిగ్గులో నుండి పుట్టినవే ఈ సూచనలు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో రోడ్లు, త్రాగునీరు, పారిశుద్ధ్యము, సంతలు, సాంస్కృతిక కార్యక్రమములు, సామూహిక ఆస్తుల సంరక్షణ కలవు. ఇవియే పర్యాటకమునకు పునాదులు. మొదట, పెద్దలు చెప్పిన దానిని, పురావస్తుశాఖవారు నిర్ధారించిన దానిని వేరువేరుగా వ్రాయించి బోర్డు పెట్టుడు. రెండవది, శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, చెత్తకుండీ ఏర్పరచుడు. మూడవది, పుష్యము నుండి ఫాల్గుణము వరకు పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి, మెరుగు పెట్టు పనులను చూపుటకు ఇష్టపడు ఇండ్ల పట్టికను, న్యాయమైన ధరలను గ్రామసభలో నిర్ణయింపుడు. ఆదాయము లెక్కను అదే సభలో చదువుడు.

విదేశవ్యవహారములు కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి గనుక విదేశపట్టణముతో బంధుత్వము ప్రభుత్వము ద్వారానే నడువవలెను. అంతవరకు ఇరుగుపొరుగుతో ఆరంభింపుడు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు శ్రీరాంసాగరు, బాసర, నిర్మలు బొమ్మలు, ఆర్మూరు సిద్ధులగుట్ట ఒకే బాటలోనివి. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడు మనవలె పసుపు ఊళ్లు. ఆ ఊళ్ల రైతులు ఇటు, మనవారు అటు పోయి వచ్చినచో అదియే సోదరత్వము. జాతీయ పసుపు బోర్డు కేంద్రకార్యాలయము 2025లో నిజామాబాదున ప్రారంభమగుటచే ఈ మాటకు బలము చేకూరినది.

ఒక హెచ్చరిక. 2020లో మహమ్మారి వ్యాపింపగా మన దేశమునకు వచ్చిన విదేశీయుల సంఖ్య సుమారు 27 లక్షలకు పడిపోయినది. కావున యాత్రికుని నమ్మి నాగలిని విడువరాదు. పర్యాటకము సేద్యమునకు తోడు పంట మాత్రమే.

తోడు పంట అయినను, అది ఒక ఇంటి కుమారుని గల్ఫు విమానము ఎక్కనీయక ఊరిలో నిలుపగలిగినచో, ఆ ఇంటికి అదియే పెద్ద పంట. ఈసారి కోటను గూర్చి ఎవరైన అడిగినప్పుడు బాల్కొండ జవాబు చెప్పగలుగునని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.