మేకపిల్ల మనది, మేత ఎవరిది?

(తెనాలి పక్క అంగలకుదురు వాడలో అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేది పెద్ద సిద్ధాంతం కాదు. కోడి, మేక. ఇంటి దగ్గర నాలుగు కోళ్లో రెండు మేకలో పెంచితే లాభమా, నష్టమా? పొదుపు సంఘంలో అప్పు ఇస్తామంటే తీసుకోవాలా, వద్దా? ఆఫీసువాళ్లని అడిగితే బ్రహ్మాండమైన లాభం అంటారు. మనలోనే కొందరు, భూమి అడగాల్సినవాళ్ల చేతిలో మేకపిల్లని పెడుతున్నారని కొట్టిపారేస్తారు. మేము బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. ముందు లెక్క కడదాం, వాదన తరవాత.

ధరలు వారానికోరకంగా మారతాయి. అందుకని ఇక్కడ చెప్పే ధరలన్నీ అనుకున్నవే. మీ ధర మీరు వేసుకుని మళ్లీ కట్టుకోండి.

ముందు కోడి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. డజను గుడ్లు పొదగేస్తే 21 రోజులకి తొమ్మిదో పదో పిల్లలవుతాయి. గద్ద, పిల్లి, కుక్క, తెగులు పోను ఐదు మిగిలాయనుకుందాం. ఏడాదికి రెండుసార్లు పొదిగితే పది పుంజులూ పెట్టలూ. ఒక్కోటి 400కి పోతే 4,000. నూకలు, తవుడు కింద 1,400 తీసెయ్యండి. పెట్టకి 2,600 మిగులు. మూడు పెట్టలుంటే 7,800. అంటే నెలకి 650. ఇది జీతం కాదు. కానీ పిల్లల నోటుపుస్తకాలకి ఎవరి గుమ్మం తొక్కకుండా సరిపోతుంది. పైగా ఆ డబ్బు ఆడమనిషి కొంగున ఉంటుంది, సారాకొట్టు దారి పట్టదు. 2019 పశుగణన చూస్తే దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లు దాటాయి. అంతకుముందు 2012 లెక్క మీద దాదాపు సగం పెరిగాయి. పేదలకి లెక్క తెలీకుండా ఇది జరగలేదు.

వనరాజా, గ్రామప్రియ అని హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన జాతులున్నాయి. గుడ్లు నాటుకోడికి రెట్టింపు, అంతకు పైన కూడా పెడతాయి. మంచిదే. కానీ అవి సరిగా పొదగవు. పిల్లల్ని మళ్లీ మళ్లీ కొనాలి. ఒళ్లు బరువెక్కాక కుక్క వస్తే నాటుకోడిలా గోడెక్కలేవు. గుడ్ల కోసం అయితే తెచ్చుకోండి, నాటుపెట్టని మాత్రం వదులుకోవద్దు.

ఇప్పుడు మేక. రెండు మేకలు 18,000 పెట్టి కొన్నామనుకుందాం. మేక చూలు ఐదు నెలలు. రెండేళ్లలో మూడు ఈతలు. ఈతకి సగటున ఒకటిన్నర పిల్ల వేసుకుంటే రెండు మేకలకి తొమ్మిది పిల్లలు. రెండు పోయినా ఏడు మిగులు. పదిహేను కేజీల పిల్లని 6,000కి అమ్మితే 42,000. తవుడుకీ మందులకీ పోతుకీ 6,000 పోతే 36,000. మంద కుదురుకున్నాక ఏడాదికి 18,000 మిగులుతుందన్నమాట. తల్లిమేకలు ఎటూ మనవే. ఆఫీసువాళ్ల లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

మన లెక్క ఇక్కణ్ణుంచి మొదలవ్వాలి. ఆ మేకలకి రోజుకి నాలుగు గంటలు ఎవరో ఒకరు తిరగాలి. ఏడాదికి 1,460 గంటలు. ఎనిమిది గంటల రోజు చొప్పున 182 పనిదినాలు. 18,000ని 182తో భాగించండి. రోజుకి వంద రూపాయలు కూడా రాదు! కలుపుకి పోయే మనిషి కలుపు మానుకుని మేకల వెంట తిరిగితే అది లాభం కాదు, కూలి తగ్గించుకోవడం. మోకాళ్ల నొప్పులతో చేలోకి దిగలేని పెద్దమ్మ ఇంటి దగ్గర మేపుకుంటే అది నిజంగా లాభమే. ఇక పిల్లాణ్ణి బడి మానిపించి మేకల వెంట పంపితే? ఆ 18,000 మేక సంపాదించింది కాదు, వాడి చదువులోంచి కోసుకున్నది. మా తరం అలాంటి పూటలు దాటుకునే డిగ్రీ దాకా వచ్చింది. మళ్లీ ఆ పూటలు మన పిల్లలకొద్దు.

రెండోది మేత. మనది డెల్టా. వరి కోయకముందే చేలో మినుము చల్లుతారు, కాదంటే వరి తరవాత జొన్నో మొక్కజొన్నో వేస్తారు. పొలం ఖాళీగా ఉండేది ఎండాకాలం కొద్ది రోజులే. మిగతా ఏడాదంతా మన మేకకి కాలవగట్టు, రోడ్డు వార, చేలగట్టు మీద గడ్డిమోపు. ఆ చేలగట్టు ఎవరిది? ఆసామిది. కోసుకోమంటే కోసుకోవాలి, వద్దంటే మానాలి. మన పక్కనున్న చుండూరులో 1991లో దళితుల్ని వెలివేసి ముందు కూలిపనులు ఆపేశారు, ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. అలాంటి రోజొస్తే చేలగట్టు మీద కాలు పెట్టనిస్తారా? అందుకే చెబుతున్నాం. మేకపిల్ల మన పేరున ఉన్నా మేత ఇంకొకరి దయ మీద ఉన్నంతకాలం ఆ లాభం సగమే మనది. సగపాలుకి పెంచేవాళ్ల సంగతి మరీ ఘోరం. ఆసామి మేక, మన ఒళ్లు, పుట్టిన పిల్లల్లో సగం ఆయనకి.

మూడోది అప్పు. 18,000 నూటికి మూడు వడ్డీకి తెస్తే నెలకి 540, ఏడాదికి 6,480. మూడోవంతు మిగులు అక్కడే పోయింది. చూలు ఐదు నెలలు, పిల్ల ఎదగడానికి ఎనిమిది నెలలు. పదమూడు నెలలు చేతికి పైసా రాదు, వడ్డీ మాత్రం మొదటి నెలనుంచే నడుస్తుంది. 1980 నుంచి ఐఆర్‌డీపీ కింద దేశమంతా గేదెల అప్పులిచ్చారు. గేదె వట్టిపోయినా బ్యాంకు కిస్తీ వట్టిపోదు. పశువుని పంచితే పేదరికం పోదు, కూలి పని గ్యారంటీ కావాలని 1985లోనే ఆర్థికవేత్త నీలకంఠ రథ్ రాశారు.

పథకాలు ఇప్పుడూ ఉన్నాయి. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో 500 ఆడజీవాలు, 25 పోతుల యూనిట్‌కి 50 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. ఇటు 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో పల్లెల్లో పంచిన ఇళ్ల పట్టా సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. అందులో ఇల్లు కట్టాక ఒక్క మేకని కట్టడానికే చోటు వెతుక్కోవాలి. అయిదొందలెక్కడ కడతాం? పథకం రాసినవాళ్లకి పేదవాడి పెరడు తెలీదు.

పాల దగ్గర కులం ఇంకా పచ్చిగా కనపడుతుంది. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి 2006లో అచ్చేసిన అంటరానితనం సర్వేలో, పాల సంఘాలున్న ఊళ్లలో దాదాపు సగం చోట్ల దళితుల్ని పాలు పోయనివ్వడం లేదని తేలింది. గేదె ఇచ్చే పాలకి కులం లేదు, కొనేవాడి బుర్రలో ఉంది. మేకకీ కోడికీ ఆ బాధ తక్కువ. సంతలో మాంసానికి ఎవరి పెరటిదని అడిగేవాడు లేడు.

కాబట్టి పెంచాలా, మానాలా? పెంచాలి. ఎన్ని, ఎలా అన్నదే మాట. మేము చెప్పేది ఇది.

అప్పు చేసి మంద కొనొద్దు. చేతిలో డబ్బుతో మూడు పెట్టలు, ఆ మిగులుతో ఒక మేక. ఇంట్లో ఖాళీగా ఉన్న పెద్ద చెయ్యి ఎంతమేరకు మేపగలదో అంతకే ఆగండి.

జబ్బుకి ముందే టీకా. కోడిపిల్లకి మొదటి వారంలో లసోటా చుక్క, రెండు నెలలప్పుడు ఆర్2బీ సూది వేయిస్తే కొక్కెర తెగులు ఆగుతుంది. మేకలకి వానల ముందు చిటుకు రోగం టీకా, పీపీఆర్ టీకా, నట్టల మందు. వాడంతా ఒకేరోజు వేయించాలి. ఒక్క ఇల్లు వదిలేస్తే తెగులు ఆ గుమ్మంలోంచే వస్తుంది. పశువుల డాక్టరు వాడలోకి రావాలని మనమే అర్జీ పెట్టాలి.

చూపు బేరానికి అమ్మొద్దు. కటికాయన చేత్తో నడుం పట్టి చూసి చెప్పే ధర ఎప్పుడూ ఆయన వైపే మొగ్గుతుంది. సంఘం తరఫున ఒక కాటా కొనుక్కుని కేజీల మీద అమ్ముదాం. తెనాలి టౌను పక్కనే ఉంది. ఏడాది దాటిన పోతుని బక్రీదు దాకా ఉంచితే నాలుగు డబ్బులెక్కువ.

అన్నిటికన్నా ముందు మేత. కాలవగట్టు, చెరువుగట్టు, ఊరి పోరంబోకు గడ్డి మీద భూమిలేనివాళ్ల సంఘానికి హక్కు కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. ప్రతి ఇంటి దడి వెంబడి రెండు అవిశ మొక్కలు నాటాలి.

మేక మనకి భూమి కాదు, భూమికి బదులూ కాదు. అయినా కూలి దొరకని వారం పొయ్యి ఆరకుండా చూస్తుంది, జ్వరమొచ్చిన రాత్రి అప్పు అడక్కుండా కాపాడుతుంది. ఆ కాస్త బలంతో నిలబడి గట్టు అడుగుదాం, గట్టు వెనకున్న భూమీ అడుగుదాం.

జై భీమ్!