తేనీటి గదిలో గురువుగారి వ్రాత



మా ఎల్.బి. నగరమున సాగరు రింగురోడ్డు కూడలి కలదు. అచటినుండి నాగార్జునసాగరమునకు బాట పోవుచున్నది. నేడు జలాశయము నిండియున్న ఆ లోయలో ఒకనాడు విజయపురి యుండెను. అందు దొరకిన ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి చీనాదేశమును సైతము పేర్కొనుచున్నది. ఆ లోయకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుని జపానుదేశపు జెన్ మతస్థులు తమ గురుపరంపరలో పదునాలుగవవానిగా లెక్కింతురు. మన 'ధ్యాన' శబ్దమే చీనాలో 'చాన్' అయి, జపానులో 'జెన్' అయినది. ఈ పాత చుట్టరికమును పురస్కరించుకొని, వారి తేనీటి గదిలో వ్రేలాడు ఒక కాగితమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

దిల్‌సుఖ్‌నగరులో బస్సుల రొదనడుమ నిలువుకాళ్లపై ఇరానీ చాయ త్రాగు మనకు, గిన్నెడు తేనీటికొరకు గంటలకొలది మోకాళ్లపై కూర్చుండువారి యోపిక వింతగా తోచును. వారి గది చిన్నది. వాకిలి మరియు చిన్నది, తల వంచక లోనికి పోరాదు. వచ్చిన అతిథి మొట్టమొదట తొకొనొమ యను గూటియెదుట కూర్చుండి, అందు వ్రేలాడు చుట్టుపటమునకు నమస్కరించును. ఆ పటము జెన్ గురువుల చేవ్రాతయైనచో దానిని బొకుసెకి యందురు. సిరాజాడ యని యర్థము.

సెన్ నో రిక్యూ (1522–1591) బోధలుగా ప్రసిద్ధమైన నంపోరొకు అను గ్రంథమున, తేనీటి పరికరములన్నిటిలో ఈ పటమే ముఖ్యమనియు, అందును బొకుసెకియే మొదటిదనియు చెప్పబడినది. అమూల్యమైన గిన్నెలుండగా కాగితమున కేల యీ పెద్దపీట? కుంచె నొకసారి కాగితముపై నుంచినపిదప దిద్దుటకు వీలులేదు. చేయి తడబడినచో ఆ తడబాటు, సిరా యెండినచో ఆ యెండుట, అట్లే నిలుచును. వ్రాసినవాడు దాగుటకు చోటులేదు. జీవితమెల్ల నల్లబల్లపై వ్రాసి చెరిపిన నాకు ఈ మాట కొంత భయము గొల్పినది.

ఇట్టి వ్రాతలలో మిక్కిలి పేరుగన్నది చీనాదేశపు యువాన్వూ కెచిన్ 1124లో వ్రాసినది. జపానువా రాయనను ఎంగో యందురు. అది పద్యము గాదు. గురువు శిష్యునకిచ్చిన యోగ్యతాపత్రము! కొయ్యగొట్టములో నుండి సముద్రముపై తేలివచ్చి సత్సుమ తీరమున చేరెనని యొక కథ. అందు సగము తనకు గావలెనని దాతె మసమునె యను ప్రభువు కోరగా, ఫురుత ఒరిబె దానిని రెండుగా కోసెనని మరియొక కథ. గురువుగారి జాబును పంచెచాపువలె కోసి పంచుకొనుట నాకు రుచింపలేదు. అది గౌరవమేయని వాదించువారితో నేనొప్పుకొనను. మొదటి సగము టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో జాతీయనిధిగా నున్నది.

నా గురువుగారు నాకు వ్రాసిన పోస్టుకార్డొకటి పెట్టెలో నున్నది. అంచులు చెదలు తినినవి. అద్దము కట్టించి గోడకు తగిలింపుమని పిల్లలు పలుమారు చెప్పగా, కొత్తపేటలో పటములు కట్టువాని యొద్దకు గొనిపోయితిని. వాడు కొలత తీయుచుండగా నాకు తేనీటి గది జ్ఞప్తికి వచ్చెను. అచట పటమును ఆనాటి అతిథులకొరకే వ్రేలాడదీసి, పిదప చుట్టి పెట్టెలో దాచుదురు. నిత్యము గోడమీదనున్నచో చూపు దానిపై నిలువదు గదా. కార్డును మరల సంచిలో నుంచుకొని వచ్చితిని.

గురుపూర్ణిమనాడు దానిని పీటపై నుంచి, ఇంటికి వచ్చిన పాత శిష్యులిద్దరకు చూపితిని. వారు చాలసేపు చూచిరి, చాయ చల్లారినది. అక్షరములు చాలవరకు వెలిసినవి. 'నాయనా' యను పిలుపు మాత్రము స్పష్టముగా కనబడుచున్నది.