నూనె, నేయి చెడకుండ నిలువచేయు విధము
(మేడ్చల్, శామీర్‌పేట రైతులకు చేసిన ప్రసంగము)



ఏడాదికి చాలు నూనెను ఒక్కసారి ఆడించి, వేసవిలో ముక్కవాసన వచ్చెనని పారబోయుట ఎంత నష్టమో మీకు చెప్పనక్కరలేదు. మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. నూనెను చెరచునవి నాలుగు: గాలి, వెలుతురు, వేడిమి, తేమ.

మొదటి జాగ్రత్త గింజయందే కావలయును. పల్లికాయను ఆడించినప్పుడు గింజ గలగలలాడునంతవరకు ఎండబెట్టుడు. బూజు పట్టిన గింజలను ఏరివేయుడు. 1960లో ఇంగ్లండునందు బూజుపట్టిన పల్లిపిండి తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చెను. అఫ్లాటాక్సిన్ అను ఆ విషము వాసనకు తెలియదు; గానుగ నూనెలోనికిని దిగును.

నూనెను కొన్ని దినములు కదల్పక నిలిపి, పైతేట మాత్రము వంపుకొనుడు. మడ్డిలో తేమ నిలుచును. ఒక పెద్ద జాడీకి మారు చిన్న జాడీలలో మెడవరకు నింపి, బిగువుగా మూసి, చీకటిగదిలో నుంచుడు. వెలితి జాడీలో గాలి చేరును. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. పాత నూనెపై క్రొత్తది పోయరాదు. పాతదాని చెడుగు క్రొత్తదానికి అంటును. వంటలో కాగిన నూనెను మరల జాడీలో కలుపరాదు.

వెన్న కాచునప్పుడు చిటపట అణగి, గసి ఎఱ్ఱబడిన పిమ్మట నేతిని వడకట్టుడు. తడి గరిట ముంచకుడు.

కుసుమనూనె త్వరగా చెడును. దానిని ముందు వాడుకొనుడు. నువ్వులనూనెకు నిలువయుండు గుణము సహజముగా కలదు. దానిని కడపటికి ఉంచుకొనుడు.

ఇందులకు ఖర్చు లేదు; శ్రద్ధ మాత్రము కావలయును.